కట్టెకొట్టం రేడియో

"మన ఊరి నీళ్ల ట్యాంకరు ఈ పొద్దు గూడా దారి తప్పి సర్పంచు దానిమ్మ తోటకే పోయిందప్పా! ఎవరన్నా దానికి దారి చూపించండి!"

గొడ్ల మేతకు శెనక్కాయ కట్టె దాచే కొట్టంలో కూచోని, గొంతు మార్చి, తిప్పేష్ మైకులో అరిచినాడు. ఒళ్లోని చిన్న రేడియోలో ఆ మాటే పలికింది. పెండ్లాం పుష్పావతి నోట్లో కొంగు కుక్కుకొని నవ్వింది.

మైకులో మాటను రేడియోలకు పంపే పెట్టెను, సెల్‌ఫోన్లు రిపేరు చేసే తిప్పేషే పాత సామాన్లు అతికించి చేసినాడు. ఊర్లో నీళ్ల మాట ఎత్తితే సర్పంచు నారాయణప్ప పింఛను ఆపేస్తాడు. అందుకే ఎవరూ నోరు విప్పరు. రేడియోకైతే పింఛను లేదు.

ఊర్లో రహస్యంగా రేడియో ఒకటి మొదలైందంటని పుష్పావతే కొళాయి దగ్గర ఊదింది. ఎవరిదో మాత్రం చెప్పలేదు.

ఆ సాయంత్రం అక్కడే మారెక్క ఎత్తుకుంది. "ఇంటివా లింగప్పా? సర్పంచు దానిమ్మ చెట్లకు రోజూ తలంట్లంట. రేడియోలో చెప్పినారు."

"ఇనకేం! ఆయప్ప బర్రెకు షాంపూ గూడానంట."

ఆడనే ఉండి అదంతా ఇన్న తిప్పేష్ బిత్తరపోయి ఇంటికొచ్చినాడు. "షాంపూ మాట నేనెప్పుడంటినే?"

"ఊపులో ఏమేమో అంటావు. నీకే గుర్తుండదు," అనింది పుష్పావతి.

తిప్పేష్‌కు ఇంకా ఊపొచ్చింది. ఊరికీ వచ్చింది. గొర్రెలు కాసే సుంకన్న ఏకంగా సర్పంచు మొగం మీదనే అడిగినాడు. "ఏమప్పా, మీసాలకు డ్రిప్పు పెట్టించినావంటనే?"

"ఎవడ్రా అనింది?"

"నేనన్లేదప్పా. రేడియో అనింది."

నారాయణప్ప ఉడికిపోయి పోలీసులను పిలిపించినాడు. కొట్టం మీద తిప్పేష్ ఏంటెనాకని నిలబెట్టిన ఇనుప కడ్డీ చూసి జీపు ఆడనే ఆగింది. ఊరంతా మూగింది.

"ఊరంతా విన్నట్టు తేలితే జైలే," అన్నాడు ఎస్సై. పుష్పావతి మొగుడి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అందరూ ఇన్నారు సార్! మీసాలకు డ్రిప్పంట!" సర్పంచు మీసాలు తడుముకున్నాడు.

మారెక్క, లింగప్ప, సుంకన్న నేల చూపులు చూస్తాండారు.

ఎస్సై వెంట వచ్చిన టెక్నీషియన్ తిప్పేష్‌ను మైకులో మాట్లాడమని, చేతిలో రేడియో పట్టుకొని బయటికి నడిచినాడు. మళ్లీ లోపలికి, మళ్లీ బయటికి. కడాకు నవ్వాపుకోలేక గోడకు ఆనుకున్నాడు.

"సార్, ఈ పెట్టెలో మాట్లాడింది ఒక్కనాడు గూడా ఈ గడప దాటి పోలేదు!"