కాటా మీద మొదటి కంచం

గోరిమేడులో డాక్టరు దగ్గర బరువు చూసే మెషిన్ ఎక్కి దిగిన ఉదయకుమార్‌కి ఏడుపొక్కటే తక్కువ. మూడు నెలల్లో తగ్గింది కిలోన్నర. ఆరు కిలోలు తగ్గితేనే మోకాలి ఆపరేషన్ అన్నారు.

ఈ మూడు నెలలూ ఆయన ఇడ్లీని కూడా కాటా మీద తూచి, క్యాలరీలు ఫోన్‌లో ఎక్కించాకే నోట్లో పెట్టుకున్నాడు. ఇంట్లో ఆయన లెక్కకి కొలిచిన బియ్యమే ఉడకాలి. ఒక్క మెతుకు మిగలకూడదు. మిగిలితే లెక్క తప్పదూ!

పోయినసారిలాగే సరదాకి భార్య హేమమాలిని కూడా మెషిన్ ఎక్కింది. సరిగ్గా ఆరు కిలోలు తగ్గింది.

ఇంటికి తిరిగొచ్చే నెల్లితోపు బస్సులో ఆయన మూతి ముడుచుకు కూర్చున్నాడు.

"నాకు చెప్పకుండా ఏ యాప్ పెట్టుకుంటివి?"

"యాప్ ఏంది? నాకు ఫోన్‌లో మాట్లాడేదే వచ్చు," అని ఆమె నవ్వింది.

"మరి లెక్క ఎట్ల పెడితివి?"

"లెక్క యాడిది? మీరు తిన్నాక గిన్నెలో మిగిలిందే కదండీ ఎప్పుడూ నేను తినేది. ఇప్పుడు మీరు కొలిచి వండమని, గిన్నె ఊడ్చి తింటా ఉండారు. మిగిలితే కదా!"

ఆమె ఇంకా నవ్వుతూనే ఉంది. ఆయనకి మాత్రం నవ్వు రాలేదు.

ఇల్లు చేరగానే ఆయనే వంటింట్లోకి వెళ్లి బియ్యం రెట్టింపు పోశాడు. అన్నం ఉడికాక, కాటా మీద మొదట ఆమె కంచం పెట్టి వడ్డించాడు. అంకె చూశాడు. చాలదనిపించింది. ఇంకో గరిటె వేశాడు.