అలారం ఆపిన మనిషి

"అన్నీ రెండేసి పెట్టినప్పుడు నా రికార్డింగులు ఎట్ల పోతయ్?"

జ్యోతిర్మయి అరుపుకు యూనివర్సిటీ కంప్యూటర్ సెంటర్ వరండాలో పోయేవాళ్లు ఆగి చూశారు. చూస్తే చూడనీ అనుకుంది. నాలుగేళ్ల పని మట్టిపాలైంది ఆమెది. మౌలాలి గుట్టల దగ్గర ఒకప్పుడు రాళ్లు కొట్టి బతికిన అరవై రెండు మంది ఆడవాళ్లను వెతికి పట్టుకుని, వాళ్ల మాటలు రికార్డు చేసింది. పీహెచ్‌డీ అంతా ఆ గొంతుల మీదే. అందులో తొమ్మిది మంది ఇప్పుడు లేరు. లేనివాళ్లను మళ్లీ ఎక్కడికి వెళ్లి అడుగుతుంది?

లాప్‌టాప్‌లో చోటు చాలక అన్నీ సెంటర్ వాళ్ల స్టోరేజ్ పెట్టెలో దాచింది. ఇంతకన్నా భద్రమైన చోటు క్యాంపస్‌లోనే లేదని చెప్పారు మహానుభావులు. ఇంకో కాపీ పెట్టుకోలేదా అని అడిగినవాళ్లను కొరికేసేలా చూస్తోంది.

ఇంజినీరు నరహరి ఆ పెట్టె ముందు నిలబడి ఓపిగ్గా చూపించాడు.

"గివి కరెంటు ఇచ్చేటివి, రెండు. ఒకటి పోతే ఇంకోటి. గివి కంట్రోలర్లు, ఏది ఏ డిస్కుల ఉన్నదో చూసుకునేటివి. అవీ రెండే. గీ బ్యాటరీ కరెంటు పోయినంక కూడా సగం రాసింది పోకుండ కాపాడతది. ముందట ఎనిమిది డిస్కులు. అండ్ల ఒకటి సచ్చినా మిగిలినయి కలిసి దాని పని నడిపిస్తయ్ మేడం."

"మరి?"

"ఒకటి పోయింది. దాన్ని మార్చకముందే రెండోది పోయింది. రెండు పోతే ఇగ ఏం చెయ్యలేం. పోయినయి తిరిగి తీసే రికవరీ వాళ్లకు చూపిచ్చిన. చేతులెత్తేసిండ్రు."

"ఎన్ని రోజులు మార్చలే?"

"తొమ్మిది. మా నాయిన పోయిండని నేను ఊరికి పోయిన." నరహరి చెయ్యి తన గుండు మీదికి వెళ్లింది.

జ్యోతిర్మయి ఒక్క క్షణం తగ్గింది. ఒక్క క్షణమే.

"నువ్వు లేకుంటే ఎవరికీ తెల్వదా? గింత పెద్ద పెట్టెకు నోరు లేదా?"

"అలారం ఉన్నది మేడం. మొదటి డిస్కు పోయిన కాడి నుంచి మోగింది. మూడు రోజులు మోగినంక ఎనక మీట నొక్కి ఆపిండ్రు."

"ఎవరు?"

జవాబు గుమ్మం దగ్గర నుంచి వచ్చింది.

"నేనేనమ్మా."

అటెండర్ లచ్చయ్య. అరవైకి దగ్గర పడ్డ మనిషి. పొద్దున్నే ఆ గది తాళం తీసి, దుమ్ము దులిపి, సాయంత్రం మళ్లీ తాళం వేయడం ఆయన పని. ఆ పెట్టె లోపల ఏముందో ఆయనకెవరూ ఎప్పుడూ చెప్పలేదు.

"నువ్వా? ఎందుకు ఆపినవ్?" తండ్రి వయసువాడన్న మర్యాద కూడా మిగల్లేదు ఆమె గొంతులో.

లచ్చయ్య చేతిలోని దుమ్ముగుడ్డ మడతపెట్టాడు.

"నిద్రకు అడ్డమొచ్చిందా? ఏసీల మంచిగ కునుకు పడుతుంటే చెవిల జోరీగ లెక్క అనిపించిందా?"

నరహరి ఏదో అనబోయాడు. లచ్చయ్య అతని మోచెయ్యి పట్టుకున్నాడు.

"అవునమ్మా. నిద్ర పట్టలే. ఆపిన."

ఎంత తాపీగా చెప్పాడు! జ్యోతిర్మయికి ఒళ్లు భగ్గుమంది.

"పోచమ్మవ్వ తెలుసా నీకు? రికార్డు చేసిన నెలకే సచ్చిపోయింది. అవ్వ గొంతు ఒక్కసారి వినిపియ్యమని మనవరాలు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నది. ఏం చెప్పాలె ఆమెకు? అటెండర్ సాబ్ పండుకున్నడని చెప్పాల్నా?"

లచ్చయ్య తల వంచుకున్నాడు. ఆయన కళ్లల్లో నీళ్లు చూసి ఆమెకు ఇంకా మంటెత్తింది. చేసిందంతా చేసి ఇప్పుడు ఏడుపొకటి!

విసవిసా తార్నాక చౌరస్తాకు వెళ్లి ఫిర్యాదు టైపు చేయించింది. ముప్ఫై మంది స్కాలర్లను వెంటబెట్టుకుని వచ్చి డైరెక్టర్ గది ముందు బైఠాయించింది. నినాదాలతో భవనం దద్దరిల్లింది. నాలుగు కొట్టేసరికి లచ్చయ్య సస్పెన్షన్ ఆర్డరు వచ్చింది. రిటైర్మెంటుకు ఇంకా ఏడు నెలలుంది ఆయనకు. అయినా జ్యోతిర్మయి కోపం చల్లారలేదు. ఉద్యోగమే పీకేయాలంది.

గుంపు వెళ్లిపోయాక లచ్చయ్య తాళాలు తెచ్చి నరహరి బల్ల మీద పెట్టాడు.

"నీకేమన్న పిచ్చా లచ్చన్నా?" నరహరికి అప్పటిదాకా అణుచుకున్న కోపమంతా బయటికొచ్చింది. "డ్యూటీల నువ్వు కన్ను మూసింది నేనెన్నడు చూడలే. ఎందుకు మీద ఏసుకున్నవ్?" సొరుగులోంచి ఒక అర్జీ తీశాడు. "నువ్వు ఎందుకు ఆపినవో గీండ్ల ఉన్నది. ఇప్పుడే పోయి డైరెక్టర్‌కు చూపిస్త."

"వద్దు సారు," అన్నాడు లచ్చయ్య. "ఆ పిల్లకు పోయింది చాలదా?"

నరహరి చేతిలోని అర్జీలో, "పై అంతస్తు రీడింగ్ రూములో మూడు రోజులుగా చదువుకోలేకపోతున్నాం, కింద మీ ఏసీ మిషన్ చేస్తున్న పీ పీ మోతను గంటలోగా ఆపించకపోతే ధర్నాకు దిగుతాం" అని రాసి ఉన్న దాని కింద, అందరికన్నా ముందు పెట్టిన సంతకం జ్యోతిర్మయిది.