ముందు బండి

చార్జింగ్ స్టేషన్ తెర మీద ఎర్రటి అక్షరాలు. పనిచేయడం లేదట.

బీమా ఏజెంటు కారు దిగి తల పట్టుకున్నాడు. ఆసుపత్రి బల్ల మీద జాగారం చేసిన అలసటంతా అప్పుడే మీద పడింది.

వెనక సీట్లో అతని భార్య, కడుపు మీద పచ్చి కుట్లతో, దిండు హత్తుకుని కూర్చుంది.

"తర్వాతది ఎంత దూరం?"

"డెబ్బై కిలోమీటర్లు. బండి కూడా సరిగ్గా అంతే వస్తానంటోంది."

"అయితే సరిపోతుందిగా."

"మధ్యలో ఆగిందంటే నిన్ను భుజాన వేసుకుని నడవాలి."

"నవ్వించకండి, కుట్లు లాగుతాయి."

ఆమెకి మాత్ర వేయించి, కాసేపు అటూ ఇటూ తిరిగి, చేసేదేం లేక బయలుదేరాడు.

దారి పొడవునా ఒక్క ఇల్లు లేదు. ఫోన్‌కి సిగ్నల్ లేదు. బ్యాటరీ అంకె తరిగినప్పుడల్లా, తొందరగా చేరిపోదామని ఇంకాస్త గట్టిగా తొక్కుతున్నాడు.

అప్పుడు తగిలింది ముందు బండి. పాత బూడిదరంగు కారు, పెళ్లినడక నడుస్తోంది.

హారన్ కొట్టాడు. ఉలుకూ పలుకూ లేదు. దాటబోతే అదీ అటే జరిగింది.

"రోడ్డు వాళ్ల తాత రాసిచ్చాడనుకుంటున్నాడు."

"పోనివ్వండి. కుదుపుల్లేకుండా హాయిగా ఉంది నాకు."

"చార్జింగ్ అయిపోయి నడిరోడ్డు మీద పడితే తెలుస్తుంది హాయి."

"ఆయన్ని తిట్టడం మొదలెట్టాక మీరు ఆ అంకె వంకే చూడలేదు."

నిజమే. ఆ సంగతి ఒప్పుకునే ఓపిక మాత్రం అతనికి లేదు.

చార్జర్, దాని పక్కనే ఓ టీ కొట్టు కనిపించాయి. ముందు బండి అక్కడే పక్కకి ఆగింది. ఏజెంటు దిగి విసవిసా వెళ్లాడు. స్టీరింగ్ వెనక ఓ ముసలాయన.

"నడపడం చేతకాకపోతే ఇంట్లో కూర్చోవాలి పెద్దాయనా. బండిలో మనిషికి బాగోలేదు, తెలుసా?"

ముసలాయన ఏజెంటు కారు వెనక సీటు వైపు చూశాడు.

"జాగ్రత్తగా ఇల్లు చేర్చు బాబూ" అని, కారు తిప్పుకుని వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

ఏజెంటు చార్జింగ్ పెట్టాడు. బ్యాటరీలో ఇంకా పది కిలోమీటర్ల ఓపిక మిగిలే ఉంది. లెక్క ఎక్కడ తప్పిందో అతనికి అంతుపట్టలేదు.

"ఆయన్నెందుకండీ అలా అన్నారు?" అంది టీ కొట్టావిడ.

"మరి అదేం నడపడం?"

"వేగం తగ్గిస్తే చార్జింగ్ సరిపోతుందని ఆ వెనక చార్జర్ పాడైన మొదట్లో అందరికీ చెప్పి చూశారు. కంగారులో ఎవరు వింటారు? అందుకే ఇప్పుడు తనే ముందు నెమ్మదిగా బండి నడుపుతున్నారు."

ఏజెంటు చప్పున వెనక్కి తిరిగాడు. రోడ్డు ఖాళీగా ఉంది.

"మరి మళ్లీ వెనక్కి వెళ్లారేం?" అని కిటికీలోంచి అతని భార్య అడిగింది.

"ఆయన ఉండేది ఆ పాడైన చార్జర్ దగ్గరేనమ్మా. ఇటువైపు ఆయనకి పనేమీ లేదు, మిమ్మల్ని దిగబెట్టడానికే వచ్చారు."