ఎవరి కాలి మట్టి

రమణమ్మ వీధి మలుపు తిరిగేదాకా ఖాజాబీ గుమ్మంలో నవ్వుతూనే నిలబడింది. ఆమె కనుమరుగు కాగానే నవ్వు ఆపేసి, వంగి, ఆమె అడుగు పడినచోట చిటికెడు మట్టి తీసి కొంగున ముడేసుకుంది.

లోపల మంచం మీద మెహర్ మూలుగుతోంది. అమెరికా నించి వచ్చిన మర్నాడు పట్టుకున్న జ్వరం ఇంకా వదల్లేదు. పర్చూరు డాక్టరు రక్తపరీక్ష చేయించి, కంగారేమీ లేదని మాత్రలిచ్చి పంపాడు. పిల్లకి ముద్ద గొంతు దిగడం లేదు.

"ఏమీ లేకుండానే మనిషి ఇట్టా వడిలిపోద్దా? కళ్ళు పడ్డాయి. ఊరి కళ్ళన్నీ దీని మీదే ఉన్నాయి" అంది ఖాజాబీ మొగుడితో.

పడవా మరి? సైన్సు పోటీలో మెహర్ వాళ్ళ క్లాసు గెలిచింది. పోటీ పెట్టినవాళ్ళే పిల్లల్ని విమానం ఎక్కించి న్యూయార్కు, వాషింగ్టన్, టొరంటో తిప్పి తీసుకొచ్చారు. పరుపులు కుట్టే మాబు కూతురు కెనడా చూసొచ్చిందంటే ఊరు ఊరుకుంటుందా? మెహర్ కడిగించిన ఫొటోలు చూడ్డానికి వాడంతా వచ్చి వెళ్ళింది. వచ్చినవాళ్ళంతా అదృష్టవంతురాలన్నారు. ఆ మాట ఎవరు ఏ మొహంతో అన్నారో ఖాజాబీ బాగా గుర్తు పెట్టుకుంది.

"రమణమ్మ మాట విన్నావా? 'మా సౌజన్య కూడా ఆ సెక్షన్లో ఉంటే బాగుండేది' అంటది. కుళ్ళు కాకపోతే ఏంది అది?"

"కన్నతల్లి గదా, ఆశ ఉండదా?" అన్నాడు మాబు సూదిలో దారం ఎక్కిస్తూ.

"నీకు తెలీదులే. నేను ఏడో తరగతిలో ఉండగా మా క్లాసంతా అమరావతి వెళ్ళింది. నన్ను మాత్రం మా నాన్న పత్తి తీతకి పంపాడు. వాళ్ళు తిరిగొచ్చి ఒక్కోటీ చెప్తుంటే నాకు ఒళ్ళు భగ్గుమంది. కుళ్ళంటే ఎట్టా ఉంటదో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. మొహం చూస్తే పట్టేస్తా."

ఎవరి కళ్ళు పడ్డాయో వాళ్ళ కాలి మట్టి కలిపి తీస్తేనే దిష్టి పోతుందని వాళ్ళమ్మ చెప్పేది. పోయిందంటే మిరపకాయలు నిప్పుల్లో ఎంత మాడినా ఘాటు రాదు. దీపాలు పెట్టే వేళకి ఖాజాబీ కల్లుప్పు, ఎండు మిరపకాయలు, రమణమ్మ కాలి మట్టి గుప్పిట పట్టి, మెహర్ చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది.

ఇల్లంతా ఘాటు కమ్మేసింది. మాబు దగ్గుకుంటూ వీధిలోకి పరిగెత్తాడు.

"రమణమ్మ కాదంట" అంది ఖాజాబీ కళ్ళు తుడుచుకుంటూ. ఆ గొంతులో కాస్త నిరాశే ఉంది.

మర్నాడు ఆడపడుచు జాన్‌బీ సేమ్యా పాయసం పట్టుకొచ్చింది. "మా వాసింకి ఇట్టాంటి రాత ఎక్కడిది వదినా" అని నిట్టూర్చింది. ఆమె అటు వెళ్ళగానే ఇటు మట్టి కొంగుకెక్కింది. సాయంత్రం మళ్ళీ అదే ఘాటు, అదే దగ్గు.

"నా సొంత చెల్లెలు కూడానా? నీకు ఊళ్ళో మనుషులు మిగలరే" అన్నాడు మాబు.

"నా పిల్ల నాకు మిగిలితే చాలు."

మూడో రోజు జ్వరం ఇంకా ఎక్కువైంది. చలేస్తోందని మెహర్ టొరంటోలో కొనుక్కున్న ఎర్ర కోటు అడిగి తొడుక్కుంది. కాసేపటికే మెడ గోక్కోవడం మొదలుపెట్టింది.

"అమ్మా, మెడంతా మండుతోంది. ఈ కోటుకి కారం అంటినట్టుంది."

"రమణమ్మ తిరగేసి మరగేసి చూసింది గదా. దాని చేతులే అయ్యుంటాయి."

"వాళ్ళది పొగాకు పని గదమ్మా."

ఖాజాబీ కోటు విప్పించి, దుప్పటి కప్పి, వాకిట్లో పోసి ఉన్న మిరపకాయల దగ్గర కూచుని తొడిమలు తుంచడం మొదలుపెట్టింది. షావుకారు బస్తాలు రేపటికి అయిపోవాలి.

"అమ్మా, నయాగరా ఫొటో నువ్వు సరిగ్గా చూడనేలేదు" అంది మెహర్ లోపల్నించి.

"నీళ్ళేగా. సాగర్ గేట్లెత్తితే అంతకంటే బాగుంటదంట."

"సాగర్ ఎప్పుడు చూశావు నువ్వు?"

"నన్నెవరు తీసుకెళ్ళారు చూడ్డానికి?"

"ఏది చెప్పబోయినా లేచి వెళ్ళిపోతున్నావు. వచ్చిన రోజు కూడా అంతే. 'చాల్లే నీ అమెరికా, ముందు అంట్లు తోము' అన్నావు."

"ఇంటి పని నేనొక్కదాన్నే చెయ్యాలా మరి?"

మెహర్ నీరసంగా అంది. "ఆ నీళ్ళ దగ్గర నిలబడి ఏడ్చానమ్మా. మా అమ్మ ఇది చూస్తే ఎట్టా నోరు తెరిచేదో అని. అది చెబుదామనే వచ్చినకాడ్నించీ చూస్తున్నా."

తొడిమ తుంచుతున్న చెయ్యి ఆగిపోయింది.

పొద్దు వాలింది. ఖాజాబీ పొయ్యిలో నిప్పులు రాజేసింది. ఉప్పూ, మిరపకాయలూ గుప్పిట పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. అప్పుడే దుకాణం కట్టేసి వచ్చిన మాబు ఆమె వాలకం చూసి తల పట్టుకున్నాడు.

"ఇంకా ఎవరు మిగిలారే? ఇవాళ ఎవరింటి మీద పడతావు?"

ఖాజాబీ వీధి వైపు చూడనైనా లేదు. చెప్పులు విడిచి, వాకిట్లో కాసేపు అలాగే నిలబడింది.

తర్వాత అడుగు పక్కకి వేసి, వంగి, తన కాలి కింద మట్టి తీసింది.