ఇరవై మూడో కొలత

"కొలతలు ఇవ్వడానికొచ్చాను," అన్నాడు పెద్దాయన గేటు దగ్గర.

గేటు మనిషి ఆయన్ని పైనుంచి కిందికి చూశాడు. పైనుంచి కిందికి పెద్ద దూరమేం లేదు. మనిషి అయిదడుగులకి మించడు.

"టైలరు వరండాలో ఉన్నాడు. లైనులో నిలబడు."

ఆ రోజు రేవు సర్వే ఆఫీసులో యూనిఫాం కొలతలు. ఒక్కొక్కరే పొట్ట లోపలికి బిగబట్టి టేపు ముందు నిలబడుతున్నారు. టైలరు మాత్రం వాళ్ళు ఊపిరి వదిలేదాకా ఆగి కొలుస్తున్నాడు.

పెద్దాయన లైను వదిలేసి కిటికీలోంచి లోపలికి తొంగిచూశాడు.

లోపల కంప్యూటరు ముందు ఒకమ్మాయి తల పట్టుకుని కూర్చుంది. ఆఫీసంతా ఆమెను లెక్కలమ్మాయి అంటారు. రేపు పొద్దున రేవులోకి మొదటిసారి ఒక పెద్ద ఓడ వస్తోంది. అడుగుభాగం ఇరవై ఏడడుగుల లోతుదాకా నీళ్ళలో మునిగే ఓడ. అది వచ్చే దారి పొడవునా సముద్రం లోతెంతో సాయంత్రానికల్లా ఆమె గీత గీసి ఇవ్వాలి.

అంకెలు వేస్తే గీత సాఫ్ట్‌వేరే గీస్తుంది. చిక్కంతా అంకెలతోనే. సర్వే బోటు సగం దారి కొలిచాక ఇంజను మొరాయించింది. తెడ్లేసుకుని అవతలి కొస కొలిచొచ్చారు గానీ, చీకటిపడి మధ్య ముక్క మిగిలిపోయింది. ఆ ముక్కకి ముప్ఫై ఏళ్ళనాటి పాత పుస్తకమే దిక్కు. అప్పట్లో తాడుకి గుండు కట్టి దించి, చేతులు చాచి బారలేసుకుంటూ పైకి లాగేవాళ్ళు. పుస్తకం నిండా బారలే.

బారకి ఆరడుగులని సాఫ్ట్‌వేర్‌కి చెప్పింది. అంతే, బోటు అంకెలూ పుస్తకం అంకెలూ కలిసే చోట సముద్రం నేల ఆరడుగులు కూలబడింది. అదీ రెండు వైపులా!

ఇంతలో అక్క ఫోను.

"ఏమే, రేపు ఆ ఓడని లోపలికి తెచ్చే పైలట్ మీ బావేనట. లోతు సరిగ్గా చూసి చెప్పవే తల్లీ. ఆయనకి ఇంట్లో మంచం కోడే కనపడదు, రోజూ కాలికి తగిలించుకుంటారు. సముద్రం అడుగేం కనపడుతుంది?"

"చూస్తున్నానే బాబూ, పెట్టెయ్!"

"అమ్మా," అంది కిటికీలోంచి పెద్దాయన గొంతు. "పాత పుస్తకం బయటికి తీశారని తెలిసి వచ్చాను. అందులో బార ఎంతనుకున్నారు?"

"ఆరడుగులు తాతగారూ. లోకంలో ఎక్కడైనా అంతే."

"కొలిచింది లోకం కాదు కదమ్మా. ఆ లెక్కంతా నా చేతుల మీదే జరిగింది."

వెనకనుంచి ఆఫీసరు అందుకున్నాడు. "వచ్చాడండీ ఇంకొకడు! ఈ రేవులో రిటైరైన ప్రతివాడూ ఇదే పాట. గోడలు వీళ్ళ చేతుల మీదే, దీపాలు వీళ్ళ చేతుల మీదే. సముద్రంలో నీళ్ళు కూడా మీరే పోశారా?"

"కావాలంటే కొలుచుకోండి బాబూ," అంటూ పెద్దాయన రెండు చేతులూ బార్లా చాచాడు.

ఆఫీసంతా గొల్లున నవ్వింది. లెక్కలమ్మాయి కూడా ఆపుకోలేక నవ్వింది.

"కొలతలు టైలరు తీసుకుంటాడు, వెళ్ళండి తాతగారూ."

"సరేనమ్మా. ఎవరో ఒకరు తీసుకుంటే చాలు. నాకు రెండింటికి బస్సు."

"టైలరు పనవగానే పంపించెయ్!" అని గేటు మనిషికి కేకేశాడు ఆఫీసరు. తర్వాత తెరకేసి చూశాడు. "ఆ మెట్లు చూడలేకపోతున్నాను. స్మూతింగ్ కొట్టు, పోతాయి."

"మెట్లు పోతాయి సార్. లోతు నిజమవుతుందా?"

"సాఫ్ట్‌వేర్‌కన్నా మనకెక్కువ తెలుసా?"

కొట్టింది. గీత ఇస్త్రీ చేసినట్టు సాపుగా వచ్చింది. దారి మధ్యలో అన్నిటికన్నా మెరక అయిదు బారలు, అంటే ముప్ఫై అడుగులు. ఓడ కింద ఇంకా మూడడుగుల నీళ్ళు. అయినా ఆమెకి మనసొప్పలేదు.

నాలుగింటికి టైలరు పుస్తకం పట్టుకుని లోపలికొచ్చాడు.

"మేడమ్, ఇరవై రెండు మందన్నారు. ఇరవై మూడు కొలతలొచ్చాయి. ఆ పొట్టాయన మెడ వద్దన్నాడు, ఛాతీ వద్దన్నాడు. చేతులు చాచి ఈ వేలి చివర నుంచి ఆ వేలి చివరకి కొలవమన్నాడు. ఒకటికి రెండుసార్లు కొలిపించాడు! అరవై అంగుళాలు. ఇలాంటి చొక్కా నా జన్మలో కుట్టలేదు."

లెక్కలమ్మాయి చెయ్యి మౌసు మీదే ఆగిపోయింది.

అరవై అంగుళాలంటే అయిదడుగులు.

స్మూతింగ్ తీసేసింది. బారకి ఆరు కొట్టేసి అయిదు వేసింది.

రెండు మెట్లూ మాయమయ్యాయి. అంకెలు కలిసే చోట ఆరు బారలు, ముప్ఫై అడుగులు. బోటు కొలిచిందీ ముప్ఫయ్యే. దారి మధ్యలో అయిదు బారలు మాత్రం ఇరవై అయిదయ్యాయి.

ఓడకి కావలసింది ఇరవై ఏడు.

"అమ్మో, బావ!" అంది.

ఆఫీసరు ఫోను లాక్కున్నాడు. ఓడని బయటే ఆపమని ఫోన్లో అరిచి, చెమట తుడుచుకున్నాడు. "ఆ పెద్దాయన్ని పిలవండి. నా కుర్చీ వెయ్యండి."

"రెండు గంటల బస్సుకి వెళ్ళిపోయాడు సార్," అన్నాడు గేటు మనిషి. "మీరే పంపించెయ్యమన్నారు కదా."

ఏ ఊరి బస్సో ఎవరూ అడగలేదు. అందరితో పాటు తనూ నవ్వింది. అది గుర్తొచ్చి లెక్కలమ్మాయికి సిగ్గుతో కళ్ళు తడిశాయి.

"పేరైనా రాసుకున్నావా?" అంది టైలరుతో.

టైలరు వేలు తడి చేసుకుని పేజీ తిప్పాడు.

"అడిగాను మేడమ్. 'పేరెందుకయ్యా, లోపల ఆ పాత పుస్తకంలో బార అని రాసిన చోటల్లా నేనే,' అన్నాడు."