అయిదో గడియ

వడ్రంగి సంచి దించి స్నానాలగది తలుపు కేసి చూశాడు. ఈసారి గడియ ఒక్కటే ఊడలేదు, చెక్క కూడా నిలువునా పగిలింది.

ఇదే తలుపు. రెండేళ్ళలో అయిదోసారి.

మొదటిసారి పిలిచినప్పుడు ఇంటావిడ, "గాలికి కొట్టుకుంది" అంది. కిటికీయే లేని గదిలో గాలేమిటి, నా మొహం! ముప్ఫై ఏళ్ళుగా తలుపులతోనే బతుకుతున్నవాడికి ఆ మాత్రం తెలీదా? గడియ లోపలినుంచి వేసి ఉంది. తన్నులు బయటినుంచి పడ్డాయి.

ఆ ఇంటి వరస అతనికి కంఠతా వచ్చేసింది. తలుపు విరిగిన వారంలోపే ఇంట్లోకి కొత్త వస్తువు దిగుతుంది. ఒకసారి గోడగడియారం, ఒకసారి కర్టెన్లు, పోయినసారి ఏకంగా ఫ్రిజ్. నెలరోజులు ఆయనగారు వెన్నపూస. తర్వాత కూరలో ఉప్పెక్కువవుతుంది. ఆ తర్వాత, ఫోన్లో ఎవరితో అంతసేపు అని మొదలు. ఆపైన వడ్రంగికి కబురు. విసుగొచ్చి, ఈమధ్య గడియ ముందే కొని సంచిలో పడేసుకుంటున్నాడు.

"ఎప్పుడు?" అన్నాడు తలెత్తకుండా.

"నిన్న పొద్దున, ఆఫీసుకి వెళ్ళేముందు." ఆమె చెంప వాచి ఉంది. "మధ్యాహ్నం ఫోన్ చేసి ఏడ్చారు కూడా. ఇవాళ సోఫా తెస్తారట."

"ఊఁ."

ఆమె టీ పెట్టడానికి లోపలికి వెళ్ళగానే ఎదురింటావిడ గుమ్మంలోకి వచ్చి గొంతు తగ్గించింది.

"నిన్న బిల్డింగంతా విన్నాం బాబూ. ఈ పిల్లకి నా అన్నవాళ్ళే లేరా? పెళ్ళి చేసి చేతులు దులిపేసుకున్నారు కాబోలు. ఛీ, ఏం మనుషులో!"

స్క్రూడ్రైవర్ జారి అతని బొటనవేలు గీరుకుపోయింది.

"ఉండే ఉంటారమ్మా. ఎలాగో సర్దుకుపోతుందిలే అనుకుంటుంటారు."

"ఎన్నాళ్ళు సర్దుకుంటుంది? ప్రాణం పోయేదాకానా?" అనేసి ఆవిడ విసురుగా వెళ్ళిపోయింది.

నడుం పీకుతోంది. పగిలిన చెక్కకి అడ్డంగా ఇనపరేకు వేశాడు. పొడుగాటి స్క్రూలు ఒక్కొక్కటే బిగించాడు. మామూలుగా గంటలో అయ్యే పని, మూడు గంటలు పట్టింది. టీ చల్లారిపోయింది.

"చూడమ్మా, ఈసారి ఇనపది. ఏనుగొచ్చి గుద్దినా ఊడదు."

ఆమె గడియ వేసింది. తీసింది. మళ్ళీ వేసి చూసింది.

"పోయినసారీ ఇదే అన్నారు."

అతను సామాన్లు సర్దుకుని, సంచి భుజానికెత్తుకుని, వాకిట్లో చెప్పులు వేసుకున్నాడు.

వెనకనుంచి ఆమె పిలిచింది. గొంతులో కోపం లేదు, ఓపికా లేదు.

"వచ్చినప్పుడల్లా తలుపు బాగుచేసి పోతున్నారు గానీ, ఒక్కసారి నన్ను మనింటికి తీసుకుపోకూడదా, నాన్నా?"