ఇరవయ్యో ముక్క

“మూడొంతుల్లో రెండొంతులు పాలిస్టరండి, ఒక వంతు నూలు,” అంది జ్ఞానమ్మ, కళ్లు మూసుకునే.

రెబెకా టార్చిలైటంత మిషన్‌ని ఆ గుడ్డముక్కకి ఆనించింది. పచ్చలైటు వెలిగి అంకె పడింది. పాలిస్టర్ అరవై ఆరు! షెడ్డులో ఉన్న పదిమందీ “అబ్బో!” అన్నారు. రెబెకాకైతే ఒళ్లు గగుర్పొడిచింది. నాలుగేళ్లు ఇంజినీరింగు చదివి, ఎక్కడో విదేశంలో చేసిన మిషన్ పట్టుకొచ్చింది తను. ఈవిడేమో రెండు వేళ్ల మధ్య ఓసారి నలిపి చెప్పేస్తోంది!

“ఎలా తెలుస్తుందండీ మీకు?”

“నూలు వేలికి చల్లగా అంటుద్దండి. పాలిస్టరు జారిపోద్ది. రెండూ కలిపి నేస్తే లోపల పోట్లాడుకుంటాయండి. ఎవరిది పైచెయ్యో వేలికి తెలిసిపోద్ది.”

కాటా దగ్గర మూటలు తూచే మోషే ఊరుకుంటాడా? “గుడ్డ ఎంచడం నేర్పింది నేనేనండి మా ఆవిడకి!” అన్నాడు మీసం దువ్వుతూ. అందరూ గొల్లుమన్నారు. మోషేకి దుప్పటికీ దోమతెరకీ తేడా తెలీదని షెడ్డంతటికీ ఎరుకే.

జ్ఞానమ్మ మాత్రం నవ్వలేదు. “ఆయ్, ఆయనే నేర్పేరండి,” అంది.

రాజోలు రోడ్డు పక్కనున్న ఆ షెడ్డుకి కుట్టు ఫ్యాక్టరీల కత్తిరింపులు లారీల్లో వస్తాయి. అచ్చ నూలైతే మళ్లీ దూదై, దారమవుతుంది. కలిపి నేసినదైతే పెద్ద డ్రమ్ములో ఉడికించి నూలునీ పాలిస్టర్‌నీ విడదీస్తారు. పొరపాటున ఒకదాంట్లో ఒకటి పడిందా, మూటంతా పాడే. అందుకే ఓనరు చిట్టిబాబు కరాఖండిగా చెప్పేశాడు. ఇరవై ముక్కలు చూపిస్తాం, ఒక్కటి తప్పినా రేపటినుంచి గుడ్డలు ఏరే బల్ల దగ్గర మిషనే, జ్ఞానమ్మ ఇంటికే. ఫ్యాక్టరీ గుడ్డలు ఆవిడకి కొట్టినపిండని, మోషేతో సహా ఆ పదిమంది చేతా తలా రెండు పాతబట్టలు ఇళ్లనుంచి తెప్పించి, అరచేతంత ముక్కలు కోయించాడు.

పదహారు, పదిహేడు... పందొమ్మిది. ఒక్కటీ తప్పలేదు! ఏ మాటకామాటే చెప్పాలి, తను తెచ్చిన మిషన్ వచ్చిన దారినే వెనక్కి పోవాలని రెబెకాయే లోలోపల ప్రార్థించుకుంటోంది. ఇంత విద్యని ఇంటికి పంపేయడం పాపం కాదూ?

ఇక ఇరవయ్యోది. నీలం మీద తెల్లగళ్లు, ఉతికి ఉతికి వెలిసిపోయిన ముక్క. రెబెకా ముందే ఆనించి చూసుకుంటే మిషన్ అరవై ఐదు పాలిస్టర్ అంది. మిషన్ దాకా ఎందుకు, రెబెకా వేలికే జారిపోతోంది. హమ్మయ్య, గెలిచేసినట్టే అనుకుంది.

జ్ఞానమ్మ ముక్క అందుకుంది. ఈసారి కళ్లు మూసుకోలేదు. నలపనూ లేదు. అరచేత్తో ఓసారి నిమిరింది.

“అచ్చ నూలండి.”

రెబెకా మిషన్ మీద అంకె మళ్లీ చూసుకుంది. అరవై ఐదే.

“జ్ఞానమ్మగారూ, తొందరేం లేదండి. ఇంకోసారి చూడండి.”

“చూడక్కర్లేదండి. నూలే.”

“జారుతోంది కదండీ! లోపల పోట్లాట తెలీడం లేదా మీకు?”

“ఇందులో పోట్లాట లేదండి,” అంది జ్ఞానమ్మ మెల్లగా.

చిట్టిబాబు నిట్టూర్చి లేచాడు. “నేనేం చెయ్యనండి మరి? రేపటినుంచి మిషనే.”

జ్ఞానమ్మ ముక్కని నాలుగు మడతలు పెట్టి రెబెకా చేతికిచ్చింది. ఆవిడ మొహంలో ఓడిపోయిన బెంగే లేదు. అంతలో కాటా వదిలేసి మోషే పరుగున వచ్చాడు. ఆనందంతో మొహం వెలిగిపోతోంది.

“మీ మిషనే తప్పు మేడంగారూ! అచ్చ నూలని ఎంచి, మా పెళ్లికి నేను కొన్న చీరేనండి అది!”